పొట్టేలు నాకేసిన గోలు

అజాగ్రత్త అని రాశారు. కమిటీ వాళ్ళిచ్చిన కాగితంలో ఉన్న అన్ని మాటల్లోకీ నన్ను కాల్చిన మాట అదొక్కటే. "గీతలు వేయు మనిషి అజాగ్రత్త వలన గోల్ లైను చెరిగిపోయినందున" అని మొదలవుతాది. పేరు రాయలేదు. పేరెందుకు? మా నర్సీపట్నం చర్చి గ్రౌండులో గీతలు వేసే మనిషి ఇంకెవరున్నారు, నేనొక్కదాన్నేగా.

ఆ గీత ఎవరు చెరిపారో నేను చూశాను. ఎవరు చెరగనిచ్చారో కూడా చూశాను. కొండ మీద పిల్లలు కొట్టిన గోలుని గోలు కాదన్నారు. కాదని ఊరుకోకుండా ఆ తప్పు తెచ్చి నా నెత్తిన పెట్టి, కింద సంతకం చెయ్యమన్నారు. అందుకే ఇదంతా చెప్తున్నాను.

నాకు నా పేరు రాయడం వచ్చు. బైబిల్లో పెద్ద అచ్చులు కూడబలుక్కుని చదువుతాను. చేత్తో గబగబా రాసిన కాగితం మాత్రం నాకు కోడి కెలికినట్టే ఉంటాది. అందుకని నేను చెప్తూ ఉంటే మా సండే స్కూలు టీచరమ్మగారు రాస్తున్నారు. నా మాట దిద్దొద్దండి అన్నాను. "కొంచెమైనా దిద్దకపోతే ఎవరు చదువుతారమ్మా" అన్నారావిడ. సరే, యాస దిద్దుకోండి, కోపం మాత్రం దిద్దకండి అన్నాను.

మెయిన్ రోడ్డు మీంచి చర్చి వైపు తిరిగితే రెండో సందులో పిండి మిల్లు. అందులో పని నాది. మిషను మోతలో అరిచి అరిచి నా గొంతు రేకు గీసినట్టు అయిపోయింది. చర్చిలో పాట ఎత్తుకుంటే పక్కనున్న ఆడోళ్ళు మోచేత్తో పొడుస్తారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ గ్రౌండు పని ఆయనదే. గడ్డి కొట్టడం, నెట్లు కుట్టడం, గీతలు వెయ్యడం. ఒక పాత రంగు డబ్బాకి అడుగున మేకుతో బెజ్జాలు కొట్టి, కర్రకి కట్టుకుని, ఊపుకుంటూ నడిచేవాడు. మధ్యలో రౌండు వెయ్యాలంటే ఒక మేకు, ఒక తాడు. తాడుకి పది గజాల దగ్గర ఎర్రగుడ్డ ముడి. ఆ ముడి దగ్గర డబ్బా పెట్టి చుట్టూ తిరిగితే చందమామలా వచ్చేది. మేకు కదలకుండా పట్టుకునే పని నాది. ఎండలో గొంతుక్కూర్చుని పట్టుకుని, "బేగి తిరగవయ్యా, నడుం పడిపోతంది" అని తిట్టేదాన్ని. ఆయన నవ్వేవాడు గానీ బేగి తిరిగేవాడు కాదు.

ఆయన పోయాక ఆ రౌండు వెయ్యడం గ్రౌండు నడిపే క్లబ్బు కమిటీలో ఎవరికీ చేతకాలేదు. ఒకసారి ఎవరో వేస్తే దోసకాయలా వచ్చిందట. అప్పుడు నాకు కబురంపారు. వెళ్ళాను. పనిలోకి రమ్మన్నారే గానీ మనిషిని రమ్మనలేదని తరవాత తెలిసింది.

టోర్నమెంటు మొదలయ్యే రోజు ప్రెసిడెంటు గారు సెంటర్లో కొబ్బరికాయ కొడతారు. ఆయన నమ్మకం ఆయనది, నాకేం అభ్యంతరం లేదు. ముందు రోజు సెక్రటరీ గారు నన్ను పక్కకి పిలిచారు.

"ఏమ్మా, గీతలు తెల్లారగట్లే ఏసేసి ఎల్లిపో. ముహూర్తం టైముకి ఎదురుపడకు. ఏమనుకోకేం."

"గీతలకి లేని ముండమోపితనం నా ముఖానికి వచ్చిందేటి బాబూ?" అన్నాను.

"అబ్బ, నువ్వూరుకో. నేనంటన్నానా? పెద్దోళ్ళున్నారు."

ఆ పెద్దోళ్ళలో మా చర్చి వాళ్ళు కూడా ఇద్దరున్నారు. ఆదివారం విధవరాళ్ళని ఆదరించాలని వాక్యం చదువుతారు. ఆ రోజు ఇద్దరూ నేల చూశారు. అప్పట్నించీ నేను పొద్దున్నే గీతలు వేసి, ఆట టైముకి గ్రౌండు బయట, మిల్లు వైపు ప్రహరీ గోడ పక్కన నిలబడి చూసేదాన్ని. గోడ నా మెడ దాకా వస్తాది. తల మాత్రం కనిపిస్తాది. తల కనిపిస్తే ముహూర్తానికి ఏం కాదేమో.

మా గ్రౌండు గురించి కూడా చెప్పాలి. చర్చి వైపు ఎత్తు, రోడ్డు వైపు పల్లం. పై నుంచి కిందకి ఆడే టీముకి బంతి దానంతటదే పరిగెడతాది. ఒక మూల కార్నరు జెండా పాతే చోట బోరింగు పంపు ఉంది. అక్కడ కార్నరు కొట్టేవాళ్ళు పంపు గట్టు ఎక్కి, దిగుతూ కొట్టాలి. కొత్తగా వచ్చిన టీములు నవ్వుతాయి. నవ్విన వాళ్ళు కాలు జారి పడతారు.

ఆడపిల్లల కప్పు పెట్టి ఎన్నాళ్ళో కాలేదు. వానాకాలంలో ఆడిస్తారు. నాలుగే టీములు. మా ఊరిది, యలమంచిలిది, నక్కపల్లి వైపుది, నాలుగోది ఏజెన్సీ లోపల్నించి వచ్చే హాస్టలు పిల్లలది. ముందు మూడు టీములకీ బూట్లున్నాయి. కొండ పిల్లలకి లేవు. వాళ్ళు వట్టి కాళ్ళతోనే ఆడతారు. వాళ్ళని తీసుకొచ్చే వార్డెనమ్మ సన్నగా, మాట్లాడితే ఖర్చయిపోతుందేమో అన్నట్టు ఉంటాది. గెలిచిన టీముకి ఒక పొట్టేలు, కొమ్ములకి పసుపు రాసి, మెడలో రిబ్బను కట్టి. దానికంటే పెద్ద విషయం క్లబ్బు గోడ మీద బోర్డు. గెలిచిన టీము పేరు అందులో తెల్లరంగుతో రాస్తారు. మా ఊరి పేరుంది, యలమంచిలి పేరుంది. కొండ పిల్లల పేరు ఒక్కసారీ ఎక్కలేదు. వచ్చిన ప్రతిసారీ వాళ్ళు ఆ బోర్డు ముందు నిలబడి కింద ఎంత ఖాళీ ఉందో చూసుకుని వెళ్తారు. నేను చూశాను.

మొదటి ఆటలకి కమిటీ వాళ్ళు గీతలకిమ్మని ఒక బస్తా పంపారు. విప్పితే సున్నం, బ్లీచింగు కలిపింది. కాలవల దగ్గర జల్లుతారే, అది. దాంతోనే వేశాను, నా దగ్గర ఇంకోటి లేదు. మధ్యాన్నం వాన పడింది. తడిసిన సున్నం మీద వట్టి కాళ్ళతో పరిగెత్తితే ఏమవుతాది? కొండ పిల్లలు ఆ రోజు నక్కపల్లి మీద గెలిచారు గానీ, ఆటయ్యాక ఒక్కొక్కత్తీ కుంటుకుంటూ బోరింగు దగ్గరికి వచ్చింది. నేను గోడ చుట్టూ తిరిగి వెళ్ళి చూశాను. అరికాళ్ళు ఎర్రగా ఉడికిపోయి, వేళ్ళ సందుల్లో తోలు తెల్లగా లేచిపోయింది.

"ఇదేటే ఇలాగైపోనాయి? సెప్పరేటి?" అన్నాను.

వాళ్ళ కెప్టెన్ పిల్ల పొడుగ్గా ఉంటాది, జడ మడిచి నెత్తిన కట్టేసుకుంటాది. పంపు కింద కాలు పెట్టుకుని, "సెప్తే ఆట ఆపేత్తారు మామ్మా" అంది.

కొబ్బరినూనె తెచ్చి రాశాను. రాస్తూ ఉంటే నాకు ఏడుపు కాదు, మంట వచ్చింది. ఆ గీతలు నా చేత్తో వేసినవి. నేరుగా సెక్రటరీ గారి దగ్గరికెళ్ళాను. ఆయన కుర్చీలు లెక్క చూసుకుంటున్నారు.

"బాబూ, ఆ సున్నానికి పిల్లల కాళ్ళు కాలిపోతన్నాయండి. ముగ్గుపిండి తెప్పించండి."

"బూట్లేసుకోమనమ్మా. ఫుట్‌బాలంటే బూట్ల ఆట."

"బూట్లు మీరిత్తారేటండి?"

"రూల్సమ్మా."

"బూట్లు లేని కాళ్ళే కదండీ ఇందాక బూట్లున్నోళ్ళని ఓడించినాయి. ఆ రూలెక్కడుందో సూడండి."

ఆయన విసుక్కున్నారు. "ముగ్గుపిండి ఇప్పుడెక్కడ తెస్తాను? తెల్లగా కనిపించాలి, అంతే. నీ దగ్గరేదుంటే అది వేసుకో పో."

ఈ మాట టీచరమ్మగారూ, కింద గీత పెట్టి రాయండి. నీ దగ్గరేదుంటే అది వేసుకో. అలా అన్నది ఆయనే.

నా దగ్గరేముంటాది? పిండి. మిల్లులో ఒక ఆనవాయితీ ఉంది. మిషను చుట్టూ, గోడల వారా రాలిన పిండి పని చేసేవాళ్ళది. అందులో బియ్యం, శనగలు, చోళ్ళు అన్నీ కలిసుంటాయి. మనుషులు తినరు. ఊడ్చి, జల్లించి, కోళ్ళు పెంచేవాళ్ళకీ గొర్రెలవాళ్ళకీ ఇస్తాం. అయితే వరస పెట్టి బియ్యమే ఆడిన రోజు ఊడ్చిన పిండి మల్లెపువ్వులా ఉంటాది. అలాంటిది రెండు డబ్బాలు నా వాటాలో ఉంది. మెత్తగా ఉంటాది, కాలదు, తడిస్తే నేలకి అంటుకుంటాది. ఫైనలు రోజు పొద్దున్నే దాంతో గీతలు వేశాను. ఎంత బాగా వచ్చాయంటే, మా ఆయనుంటే డబ్బా నా చేతిలోంచి లాక్కుని చూసేవాడు.

నా తప్పు ఒకటుంది. ఒప్పుకుంటాను. ఆ పిండి దేనికి మేతో నాకంటే తెలిసిన మనిషి ఊళ్ళో లేదు. గొర్రెలవాళ్ళకి చేత్తో కొలిచి పోసే మనిషిని. ఆ రోజు బహుమతి పొట్టేలు వస్తుందని కూడా తెలుసు. ఈ రెండూ కలిపి ఆలోచించలేదు. పిల్లల అరికాళ్ళే కళ్ళ ముందున్నాయి. అది అజాగ్రత్త అయితే అవ్వచ్చు. గోలు మింగేసింది మాత్రం అది కాదు. ఎలాగో చెప్తాను.

ఫైనలు మా ఊరికీ కొండ పిల్లలకీ. జనం బాగా వచ్చారు. మైకులో కామెంట్రీ చెప్పే ఆయన ఒకాయనున్నారు, ఆటలో ఏం జరగనప్పుడు ఫోను చూసి లోకంలో ఫుట్‌బాల్ వింతలు చెప్తూ ఉంటారు. ఎక్కడో ఒక చిన్న దీవిలో రెండే టీములంట, ఏడాది పొడుగునా ఆ రెండే ఒకదాంతో ఒకటి ఆడుకుంటాయంట. ఇంకెక్కడో ఆట జరుగుతూ ఉంటే జనానికీ గ్రౌండుకీ మధ్యలోంచి పొగబండి పోతాదంట. సముద్రంలో ఊరు కట్టుకున్న బెస్తవాళ్ళ పిల్లలు, నేల లేక, చెక్కలు కట్టి నీళ్ళ మీదే గ్రౌండు చేసుకున్నారంట. బంతి నీళ్ళలో పడితే వెనకాలే దూకుతారంట. నాకా కథలంటే ఇష్టం. గోడ పక్కన నిలబడి అవన్నీ విన్నాను. ఆ బెస్తపిల్లల కథకి అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. బూట్లు లేని పిల్లలు ఎదురుగా ఆడుతూ ఉన్నారు, వాళ్ళకెవరూ కొట్టలేదు.

ఇంటర్వెలు దాకా గోలు లేదు. ఇంటర్వెల్లో గెస్టులు ఫొటోలు దిగుతామన్నారు. పొట్టేలుని తెచ్చారు. అది పొద్దున్నించీ ఆటోలో కట్టేసి ఉంది పాపం, మేత లేదు. ఫొటోలయ్యాక ఎవరో దాన్ని తీసుకెళ్ళి బోరింగు పక్క గోలు స్తంభానికి కట్టారు.

అది ఒకసారి నేల వాసన చూసింది. తల దించింది. ఇంక ఎత్తలేదు.

"ఓలమ్మో! పొట్టేలుని ఇప్పండి! గీత నాకేత్తంది!" అని అరిచాను. మిల్లు మోతని మించి అరవగలను గానీ ఆ మైకుని మించలేకపోయాను. మైకులో మళ్ళీ ఆ దీవి కథే. జనం పొట్టేలుని చూసి నవ్వుతున్నారు. "బాగా తిను నాయనా, సాయంత్రం నువ్వే కూర" అంటున్నాడొకడు. గోడ చుట్టూ తిరిగి నేను గేటు దగ్గరికొచ్చేసరికి పొట్టేలు తాడు అందినంత మేరా, స్తంభం దగ్గర్నించి గోలు మధ్య దాటేదాకా, నున్నగా నాకేసింది. మట్టి తప్ప ఏం లేదు.

నా దగ్గర ఇంకో అరడబ్బా పిండి ఉంది. గోడ పక్కనే పెట్టుకున్నాను. డబ్బా పట్టుకుని లోపలికి అడుగేశాను. సెక్రటరీ గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎక్కడికమ్మా?"

"గీత పోనాది బాబూ. రెండు నిమిషాలు. ఏసేసి వచ్చేత్తాను."

"గెస్టులు అటే కూర్చున్నారు. ఇప్పుడు నువ్వు లోపలికి రాకు. ఆటయ్యాక చూద్దాం."

"ఆటయ్యాక గీతెందుకండి?"

"చెప్తే వినవేం?"

రిఫరీ ఈల వేశాడు. ఆట మొదలైపోయింది. పొట్టేలుని విప్పి తీసుకుపోయారు. గీత లేని గోలులో మా ఊరి గోలీ పిల్ల నిలబడింది. నేను డబ్బా పట్టుకుని గేటు దగ్గర ఉండిపోయాను.

ఈసారి కొండ పిల్లలు ఎత్తు నుంచి పల్లానికి ఆడుతున్నారు. చూడాలి ఆ ఆట. తడి నేల మీద బూట్లున్నవాళ్ళు జారుతున్నారు, వీళ్ళు కాలివేళ్ళు నేలలో గుచ్చి నిలబడుతున్నారు. ఆఖర్న బోరింగు పక్క కార్నరు వచ్చింది. ఒక పిల్ల పంపు గట్టెక్కి, రెండడుగుల్లో దిగి కొట్టింది. కెప్టెన్ పిల్ల గాల్లోకి లేచి తలతో కొట్టింది. బంతి గోలీ పిల్ల గుండెల మీదకి వచ్చింది. ఆ పిల్ల పట్టుకుంది, పట్టుకుని, ఆ ఊపుకి మోకాళ్ళ మీద పడి, వెనక్కి జారింది. జారి జారి, బంతి నేలకి ఆనింది, వీపు నెట్టుకి తగిలింది.

నెట్టుకి వీపు తగిలిందంటే ఎక్కడున్నట్టు? చిన్నపిల్లలకి కూడా తెలుసు. కొండ పిల్లలు గాల్లోకి ఎగిరారు. జనం "గోల్" అన్నారు. మా ఊరి జనమే అన్నారు. ఆ పిల్ల మాత్రం బంతిని గుండెలకి అదుముకుని బేగి బేగి మోకాళ్ళ మీద ముందుకి పాకొచ్చింది.

రిఫరీ పరిగెత్తుకొచ్చి నేల చూశాడు. గీత లేదు. గీత దగ్గర నిలబడాల్సిన లైనుమాను కోసం చూశాడు. అతను తుప్పర పడుతోందని గొడుగు కిందకి పోయాడు. రిఫరీ రెండు చేతులూ ఊపేశాడు. గోలు లేదట.

అప్పుడింక నేనాగలేదు. ఎదురుపడకూడదన్న ముఖం వేసుకునే, గెస్టుల ముందు నుంచే నడిచి వెళ్ళాను. పొద్దున్న రౌండు వేసిన మా ఆయన తాడు నా నడుముకి చుట్టుకుని ఉంది. దాని ఒక కొస ఈ స్తంభానికి కట్టాను, రెండో కొస ఆ స్తంభానికి లాగి కట్టాను. నేలకి ఆనేటట్టు కట్టాను. గోలు గీతంటే ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికేగా, వేరే చోట ఉంటాదా? ఆ తాడుకి అవతల, నెట్టు వైపు, మూరెడు దూరంలో ఆ పిల్ల మోకాళ్ళు లాగిన రెండు చాళ్ళు ఆగి ఉన్నాయి. ఆ రెండిటి మధ్య బంతి ఆనిన గుంట, బుర్రకాయ వేసి నొక్కినట్టు.

"సూడండి బాబూ," అన్నాను రిఫరీతో. "బంతి ఎక్కడానిందో మీ కళ్ళతోనే సూడండి."

జనంలోంచి "అవతలే, అవతలే" అని కేకలు. ఇంకెవరో, "పొట్టేలుకియ్యండ్రా మేన్ ఆఫ్ ది మేచ్, అది ఆపినన్ని గోల్సు ఎవడాపినాడు!" అన్నాడు. అందరూ నవ్వారు. కొండ పిల్లలు నవ్వలేదు.

రిఫరీ మంచి మాటే మాట్లాడాడు, అదే ఇంకా మంట. "తాడు గీత కాదమ్మా. ఆట జరిగేటప్పుడు గీత లేదు. గీత లేకుండా దాటిందని నేనెలా రాస్తాను?"

"మరి గీత లేకుండా ఆటెలా మొదలెట్టినారండి?"

ఆయన వాచీ చూసుకున్నాడు. యలమంచిలిలో రైలు పట్టుకోవాలంట. మిగతా ఆట అయ్యాక పెనాల్టీలకి కూడా టైము లేదని టాసు వేస్తానన్నాడు. కప్పు ఫైనలు! నాణెం ఎగరేసి! కెప్టెన్ పిల్లని బొమ్మా బొరుసా అనడిగాడు. ఆ పిల్ల, "గోలు కొట్టినాక టాసేటండి?" అంది. వాళ్ళు అడగకపోయినా మా ఊరి కెప్టెన్ బొమ్మ అంది. బొమ్మే పడింది.

మా ఊరు గెలిచిందట. ఊరంతా టపాకాయలు. ఆ పొట్టేల్ని ఆదివారం కోసి పలావు చేశారు, నాకూ గిన్నెలో పంపారు. గిన్నె గడప దాటనివ్వలేదు.

మాట్లాడని వార్డెనమ్మ సోమవారం కొండ దిగొచ్చి మరీ మాట్లాడింది. తెల్లకాగితం మీద కంప్లైంటు రాసి కమిటీకి ఇచ్చింది. "మాకు పొట్టేలొద్దండి. తినేశారు కదా, పర్లేదు. ఆ గోలు ఒక్కటి రాయండి. బోర్డు మీద మా పిల్లల పేరు రాయండి" అంది. పిల్లల కాళ్ళు చూపించమని కూడా కమిటీలో ఒక్కరూ అడగలేదు.

దాని మీద మీటింగు పెట్టుకున్నారు. పెట్టుకుని తేల్చిందేంటంటే, నేను. గీతలు వేసే మనిషి ఎవరినీ అడగకుండా పిండితో గీతలు వేసింది, అది అజాగ్రత్త, అందుచేత గోలు విషయం తేల్చడం కుదరదు, టాసు ఫలితమే ఖాయం. నేను దాని కింద సంతకం పెడితే కంప్లైంటు మూసేస్తారు. మిల్లుకి వచ్చి మరీ కాగితం ఇచ్చారు సెక్రటరీ గారు.

"ఏటుందండి ఇందులో?"

"ఏం లేదమ్మా, మామూలే. జరిగింది రాశాం. ఇక్కడ నీ పేరు రాసేయ్. గీతల పని నీకే ఉంటుంది, ఎవరూ ఏమనరు."

"సదివి ఇనిపించండి."

"మిల్లు మోతలో ఏం వినపడుతుంది? నీకెందుకమ్మా ఇదంతా, పెట్టేయ్."

మిషను ఆపించాను. మిల్లు మొత్తం నిశ్శబ్దమయ్యింది. బియ్యం తెచ్చుకున్న ఆడోళ్ళందరూ ఇటు తిరిగారు. ఆయన చదవలేదు. కాగితం అక్కడ పెట్టి, రేపు తీసుకుంటానని వెళ్ళిపోయారు. టీచరమ్మగారు చదివితే తెలిసింది నాకు, నేను అజాగ్రత్త అని. నీ దగ్గరేదుంటే అది వేసుకో అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. పొట్టేలుని గోలుకి కట్టిన చెయ్యి లేదు. డబ్బా పట్టుకుని లోపలికి వస్తుంటే అడ్డం పెట్టిన చెయ్యి లేదు. పొట్టేలు కూడా లేదు! గీత దానంతటదే చెరిగిపోయిందట!

ఏమయ్యా, మైకాయనా, సముద్రం మీద చెక్కల గ్రౌండు కథ చెప్పావు కదా, ఇది చెప్పు. బహుమతి పొట్టేలు గోలు గీత నాకేసిన కథ లోకంలో ఇంకెక్కడైనా ఉందేమో చూడు ఫోనులో. వేరే దేశంలో జరిగితే వింత, మన ఊళ్ళో జరిగితే అజాగ్రత్తా?

సంతకం పెట్టలేదు. పెట్టనని కబురంపాను. గీతల పని పోయింది. పోతే పోయింది అని నోటితో అన్నాను గానీ, ఆ రాత్రి మా ఆయన తాడు మీద ఎర్రగుడ్డ ముడి తడుముకుంటూ కూర్చున్నాను. అది వేరే సంగతి. ఇక్కడ గోలు సంగతి.

నాలుగు రోజులకి మా ఊరి గోలీ పిల్ల మిల్లుకి వచ్చింది. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది, వాళ్ళ నాన్న బట్టలు కుడతాడు. చేతిలో నానబెట్టిన బియ్యం గిన్నె. అట్లకి ఆడించమని అమ్మ పంపిందట. తడిబియ్యం మా మిషన్లో వెయ్యరని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ పిల్లకీ తెలుసు. గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏటే, సెప్పు" అన్నాను.

"కాలేజీలో అందరూ నన్ను పొట్టేలు అంటన్నారత్తా. గోలు మింగేసినానంట."

"మింగినావా?"

కళ్ళమ్మట నీళ్ళు. "గోలేనత్తా. నా వీపు నెట్టుకి తగిలింది. అప్పుడే సెప్దామనుకున్నాను. మా కోచ్ సారు బయట నుంచి సెయ్యి ఊపినారు, లాగెయ్ లాగెయ్ అని. లాగేసినాను."

తిట్టాలనే అనుకున్నాను. వంద తిట్లు నోటి దాకా వచ్చాయి. పంతొమ్మిదేళ్ళు నిండని పిల్ల తడిబియ్యం గిన్నె పట్టుకుని వచ్చి, గెలిచిన ఆటని ఓడిపోయానని చెప్తూ ఉంటే ఏం తిడతాం? ఆ కమిటీలో ఇంతమంది మగాళ్ళకి రాని మాట అది.

"నోటితో సెప్తే గాలికి పోతాది," అన్నాను. "రాయగలవా?"

"టీములోంచి తీసేత్తారత్తా."

"నన్ను తీసేసినారు. సూడు, బతికే ఉన్నాను."

ముక్కు తుడుచుకుని నవ్వింది. టీచరమ్మగారింట్లో కూర్చుని తన చేత్తోనే రాసింది. తన మోకాళ్ళు ఎక్కడున్నాయో, బంతి ఎక్కడుందో, ఎవరు లాగమన్నారో. కింద తన సంతకం. నేను చెప్పిందీ సున్నం దగ్గర్నించి మొదలుపెట్టి వేరే కాగితం మీద రాయించి, దాని పైన పెట్టాను. నా పేరు నేనే రాశాను, ఒక్కో అక్షరం. వరస కొంచెం ఒంకరపోయింది. నేల మీదైతే పోదు.

మర్నాడు ఇద్దరం క్లబ్బు గదికి వెళ్ళాం. ఎదురుగా గోడ మీద బోర్డు. మా ఊరి పేరు కొత్తగా రాశారు, రంగు ఇంకా మెరుస్తోంది. సెక్రటరీ గారు, మా చర్చి పెద్దలిద్దరూ, ఇంకా నలుగురు కూర్చుని టీ తాగుతున్నారు. కాగితాలు ఇచ్చాను. ఆయన మడత విప్పకుండానే సొరుగు లాగారు.

"సరేలే, చూస్తాం. పెట్టి వెళ్ళండి."

"ఇప్పుడే సదవండి బాబూ."

"చూస్తామన్నాను కదమ్మా."

"పైకి సదవండి. మా ఇద్దరి సంతకాలూ ఉన్నాయి. మీ కాగితం మీరు సదివి ఇనిపించలేదు. మాది ఇనిపించి ఎల్తాం."

గోలీ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. నేను కదల్లేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. అన్నా కూర్చునేదాన్ని కాదు. అందరి చేతుల్లో టీ గ్లాసులు ఆగిపోయాయి. చర్చి పెద్దల్లో ఒకాయన నేల మీంచి తల ఎత్తి, "చదవండి మరి, ఏముందో" అన్నాడు. ఇన్నాళ్ళకి.

సెక్రటరీ గారు కళ్ళజోడు పెట్టుకున్నారు. చదవడం మొదలుపెట్టారు. సున్నం దగ్గర ఒకసారి ఆగారు. నీ దగ్గరేదుంటే అది వేసుకో అన్న చోట దగ్గు వచ్చింది. పొట్టేలు దగ్గర ఎవరో నవ్వబోయి మానేశారు. గోలీ పిల్ల రాసిన ముక్కకి వచ్చేసరికి వేగం పెంచారు. బంతి గీత దాటింది, నా వీపు నెట్టుకి తగిలింది, అది గోలు. ఆ ఆఖరి మాట గొంతులోనే మింగేశారు.

"ఇనపళ్ళేదండి," అన్నాను. "మళ్ళీ సదవండి."